ఓవరాయిలింగు

నిన్న పొద్దున మా మనవడి సైకిలు వెనక చక్రంలో గాలి పోయింది. పోతే పోయిందిలే, ఇంట్లో నేనున్నాను గదా, తెనాలిలో నలభై ఏళ్ళ పైన సైకిలు షాపులో కూర్చున్నవాణ్ణి, నా మనవడు గాలి కోసం వీధినపడటమేమిటని మంచం కింద నుంచి పాత పంపు లాగాను. దుమ్ము దులిపి, ఎండిపోయిన తోలు వాచరుకి రెండు చుక్కలు కొబ్బరినూనె పట్టించి, గొంతుక్కూర్చుని చూస్తే పంపు మూతి వాడి వాల్వుకి పట్టలేదు. అది కారు చక్రాలకుండే రకం వాల్వంట. సైకిలుకి కారు వాల్వెందుకురా అంటే, "ఇప్పుడన్నీ అవే తాతయ్యా" అని ఫోను తీసి రెండుసార్లు గీకి కొత్త ట్యూబుకి ఆర్డరు పెట్టేశాడు. బెజ్జం ఎక్కడుందో చూడలేదు. అసలు బెజ్జమే ఉందో, వాల్వు కారుతుందో, అదీ చూడలేదు. ట్యూబు రేపొస్తుందంట. అందాకా సైకిలు గోడకి జారబడి ఉంటుందంట, ఎందుకంటే దానికి స్టాండు లేదు.

స్టాండే కాదు. మడ్గార్డుల్లేవు, క్యారియరు లేదు, చైను కవరు లేదు, బెల్లు లేదు. లేనివన్నీ కలిపి 17 వేలు. మరి ఉన్నవేంటయ్యా అంటే గేర్లు, 21. అబ్బాయ్, నువ్వు ఏ ఊరివాడివో నాకు తెలియదు గాని, మా తెనాలి డెల్టా నేల. నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తోచక నిలబడిపోయే చోటు. ఊళ్ళోంచి మూడు కాలవలు పోతాయి, వాటి మీద వంతెనలు తప్పితే ఎత్తన్నది మేమెరగం. 21 గేర్లు పెట్టుకుని వీడు ఎక్కబోయే కొండ ఏదో నాకర్థం కాదు. వంతెన ఎక్కడానికి మాకూ ఒక గేరుండేది. దిగి నెట్టడం.

నేను షాపులో చేరింది 1966లో. ఏడో క్లాసు తప్పాను. మా నాన్న చెవి పట్టుకుని తీసుకొచ్చి, కాలవ గట్టున తాటాకు పందిరి కిందున్న మేస్త్రి ముందు నిలబెట్టి, "నువ్వు వీణ్ణి బాగుచేస్తావో, వీడు నీ సైకిళ్ళు పాడుచేస్తాడో, నీ ఇష్టం" అని పోయాడు. మొదటి ఆరు నెలలూ నా చేతికి పానా ఇవ్వలేదు. గాలి కొట్టడం, బొచ్చెలో నీళ్ళు మార్చడం, టీ తేవడం, బాల్సు కడగడం. బాల్సంటే మీకు తెలియకపోవచ్చు. చక్రం ఇరుసు మీద తిరగాలంటే లోపల ఉక్కు గోళీలుండాలి. ముందు చక్రానికి పక్కకి పది, వెనక చక్రానికి పక్కకి తొమ్మిది, ఇవి కాస్త లావు. పెడళ్ళ ఇరుసుకి పక్కకి పదకొండు. కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద ఆరబోసి, లెక్క చెప్పి మేస్త్రికి ఒప్పచెప్పాలి. ఒకరోజు ముందు చక్రం గోళీలు పంతొమ్మిదే తేలినాయి. పైసా చెయ్యదు ఆ గోళీ, షాపులో డబ్బా నిండా ఉన్నాయి. అయినాసరే దీపాలు పెట్టే వేళదాకా ఇసకలో వెతికించాడు. దొరకలేదు. ఇంటికిపోయి చొక్కా విప్పితే చేతి మడతలో ఉంది. పొద్దున్నే పట్టుకుని పరిగెత్తాను. "దొరికిందా" అని డబ్బాలో పడేశాడు, అంతే. ఇప్పుడు గోళీలు గూటిలో బిగించి వస్తున్నాయి. అరిగితే గూడుతో సహా పారెయ్యడమే. పారేసేదాన్ని లెక్కపెట్టడమెందుకు?

ఏడాదికోసారి, కుప్పలు నూర్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకి, ప్రతి సైకిలూ ఓవరాయిలింగుకి వచ్చేది. ఆ మాట అది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక కాలేజీ లెక్చరరుగారు తన హెర్క్యులిస్ దింపి, మా బోర్డు చూసి, "అది ఓవర్ హాలింగయ్యా, ఆయిలింగు కాదు" అన్నారు. మేస్త్రి సరేనని తలూపాడు. బండంతా విప్పి, కడిగి, గ్రీసు పెట్టి, తిరిగి బిగించి, చైనుకి మాత్రం ఒక్క చుక్క నూనె వెయ్యకుండా ఇచ్చేశాడు. మర్నాడు ఆయన కాలవ అవతల నుంచే కిర్రు కిర్రుమంటూ వచ్చి, "ఆయిలింగే లేవయ్యా" అని దిగారు. చదువుకున్నవాళ్ళు అప్పట్లో తప్పు ఒప్పుకునేవారు.

చక్రం వంకర తియ్యడం ఉంది చూశారూ, అదొక విద్య. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. చక్రాన్ని తిప్పి రిమ్ము పక్కన సుద్దముక్క ఆనీ ఆనకుండా పట్టుకుంటే వంకరున్న చోట గీత పడుతుంది. ఆ గీత దగ్గర ఒక పక్క పుల్ల బిగించి, రెండోపక్క పుల్ల వదులు చెయ్యాలి. మా మేస్త్రి సుద్ద కూడా ముట్టేవాడు కాదు. తెనాలంటే పద్యనాటకాల ఊరు గదా, రాత్రంతా నాటకం చూసొచ్చి, ఎర్రటి కళ్ళతో ఏదో పద్యం రాగం తీస్తూ గోటితో పుల్లలు మీటుకుంటూ పోయేవాడు. చప్పుడు తేడా ఉన్నచోట మర తిప్పేవాడు. చక్రం తిన్నగా అయ్యేదా అంటే, చాలావరకు అయ్యేది. మిగతాది రెండు ధాన్యం బస్తాల బరువు సరిచేసేది.

పంచరు సంగతికొస్తాను. అసలు దానికోసమే మొదలుపెట్టాను.

కాలవ గట్ల మీద నల్లతుమ్మ ముళ్ళు, పొలం డొంకల్లో పల్లేరుకాయలు. మా మేస్త్రి సంసారాన్నీ నా సంసారాన్నీ పోషించింది ఆ రెండే. సైకిలు షాపులవాళ్ళు రోడ్డు మీద మేకులు చల్లుతారని ఒక అపవాదుండేది. ఒకాయన మా మేస్త్రినే మొహాన అడిగాడు. "మేకులేం ధరున్నాయో తెలుసా? తుమ్మముల్లు ఊరికే వస్తుంది గదండీ" అన్నాడు మేస్త్రి. ఆయన నవ్వాడు గనక నేనూ నవ్వాను. ఆ మాట గురించి ఇప్పటికీ ఎక్కువ ఆలోచించను.

టైరు ఒకపక్క విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టి, బొచ్చెలో జానెడు జానెడు ముంచుకుంటూ పోతే ఒకచోట బుడగలొస్తాయి. ఆ బుడగలు చూసి సైకిలాయన మొహం విప్పారేది, డాక్టరు రోగం పేరు చెప్పేసినట్టు. అక్కడ అగ్గిపుల్ల గుచ్చి, ఆకురాయితో గీకి, సొల్యూషను రాసి ఆరనివ్వాలి. కిటుకంతా ఆరనివ్వడంలోనే ఉంది. ఊదకూడదు, తడిమి చూడకూడదు. ఆ అయిదు నిమిషాల్లో ఊరి సంగతులన్నీ తేలిపోయేవి: దుగ్గిరాలలో పసుపు ధర, కాలవలకి నీళ్ళెప్పుడు వదుల్తారు, ఎవరమ్మాయికి ఏ ఊరి సంబంధం. ఒక్కోసారి సొల్యూషను ఎండి పొక్కు కట్టినా మాటలు తెగేవి కాదు. ఆ ప్యాచీలు మర్నాటికి ఊడేవి. అదీ మంచిదే, మాటలు మిగిలిపోయుంటే మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఈ గాలి టైరు కనిపెట్టిన డన్లప్ దొర పశువుల డాక్టరని మీకెవరికైనా తెలుసా? 1888లో బెల్‌ఫాస్ట్‌లో, కొడుకు మూడుచక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుందని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడంట. పశువుల ఆస్పత్రి కాంపౌండరుగారు చెప్పారు మాకు. అప్పట్నుంచి మా మేస్త్రి ఆయన దగ్గర పంచరుకి డబ్బులు పుచ్చుకోలేదు. "మీవాళ్ళు పెట్టిన భిక్షేగా" అనేవాడు. నాకైతే ఆయన ఆ సంగతి చెప్పింది ఊరికే కాదేమోనని అనుమానం.

వానాకాలం మాట వేరు. రేగడి నేలలో సైకిలు నాలుగు బారలు పోతే మడ్గార్డుకీ టైరుకీ మధ్య బంక మట్టి కూరుకుపోయి చక్రం బిగదీసుకునేది. దిగడం, పుల్లతో గోకడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. ఆఖరికి సైకిలే మనిషి భుజమెక్కేది. రైతులు వర్షాలు పడగానే వచ్చి మడ్గార్డులు ఊడదీయించుకుని, పంట కోతలకి తిరిగి బిగించుకునేవారు. (మా మనవడి సైకిలుకి మడ్గార్డుల్లేవని ఇందాక తిట్టాను గదా. తిట్టింది తిట్టిందే.)

అద్దె సైకిళ్ళు ఎనిమిదుండేవి మాకు. గంటకి పావలా. ఆధారు కార్డు లేదు, ఓటీపీ లేదు. "ఎవరబ్బాయివిరా?" అనేదే మా ఓటీపీ. పిల్లలు బారు కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకునేవారు. పడితే హ్యాండిలు ఒకవైపుకి చూస్తూ, మోకాలు ఇంకోవైపుకి చూస్తూ వచ్చేవారు. ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిల్ని ఒక్క విసురు విసిరితే సైకిలు బాగయ్యేది. మోకాలుకి గ్రీసు. 1974లో మా బుర్రిపాలెం బుల్లోడి 'అల్లూరి సీతారామరాజు' ఆడినన్నాళ్ళూ మా ఎనిమిది సైకిళ్ళూ షాపు మొహం చూడలేదు. ఒక్కో సైకిలు మీద ముగ్గురు. హాలు దగ్గర సైకిలు స్టాండులో చోటు చాలక గోడవారన కుప్పపోశారు. అవన్నీ మర్నాడు పుల్లలు విరిగి మా దగ్గరికే వచ్చినాయి. కృష్ణగారు ఎంతమందికి అన్నం పెట్టారో లెక్కేసేవాళ్ళు మమ్మల్ని కలుపుకోరు.

మాటిచ్చామంటే మాటే ఆ రోజుల్లో, ఇప్పట్లాగా మోసాలెక్కడివి, అని చెప్పబోయి ఆగాను. అద్దె సైకిలంటే ఒకటి గుర్తొచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1971 వేసవి. ఒక ఊరికి, పేరు చెప్పను, అక్కడ మాకు ఇంకా చుట్టాలున్నారు, వారం రోజులు ఆగకుండా సైకిలు తొక్కే ఆయన వచ్చాడు. బడి ముందు ఖాళీజాగాలో గుంజ పాతి, రంగు కాగితాలు కట్టి, మైకు పెట్టారు. సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే భోజనం, సైకిలు మీదే గడ్డం గీసుకోవడం. రాత్రయితే ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవాడు. జనం రూపాయి నోట్లు పిన్నీసులతో చొక్కాకి గుచ్చేవారు. ఆ సైకిలు మా షాపుది. ఎందుకైనా మంచిదని మేస్త్రి నన్ను తోడు పంపాడు. నాలుగో రాత్రి, రెండు దాటాక, మైకువాడు నిద్రపోయాడు, జనం ఇళ్ళకి పోయారు, నేనొక్కణ్ణే అరుగు మీదున్నాను. టప్పుమని చైను తెగింది. ఆయన నా వంక చూశాడు. నేనాయన వంక చూశాను. దిగాడు.

కాళ్ళు నేల మీద ఆనలేదు సరిగ్గా. అడుగు వేద్దామంటే మోకాళ్ళు ఇంకా తొక్కుతున్నట్టే ఆడుతున్నాయి. అక్కడే మట్టిలో ఒరిగి నిద్రపోయాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, దగ్గర్నుంచి చూస్తే యాభై ఉన్నట్టున్నాడు. చైనుకి కొత్త లింకు కొట్టడం పది నిమిషాల పని. నేను గంటంబావు కొట్టాను. సుత్తి చప్పుడు కాకుండా గుడ్డ చుట్టి మరీ కొట్టాను. కోడి కూసే వేళకి లేపి ఎక్కించాను. తెల్లారాక మైకులో "నాలుగు రోజులుగా నేల తాకని వీరుడు" అని చెప్తుంటే ఆయన చక్కర్లు కొడుతున్నాడు. నా ముందునుంచి పోయిన ప్రతిసారీ అటు తిరిగి పోయాడు. ఏడో రోజు శాలువా కప్పారు. షాపుకి అద్దె అణా పైసలతో ముట్టింది.

ఇప్పుడు పెళ్ళికి కారడుగుతున్నారని నోళ్ళు నొక్కుకుంటారు గాని, మా రోజుల్లో వాచీ, రేడియో, సైకిలు. అలకపాన్పు మీద కూర్చుని అల్లుడు మొహం తిప్పుకున్నాడంటే సైకిలు కోసమే. 1976లో నేనూ తిప్పుకున్నాను. అవును, సైకిలు షాపువాణ్ణే. రాలీ కావాలన్నాను. మా మామగారు మాటాడకుండా పోయి మా మేస్త్రి దగ్గరే కొన్నాడు. అప్పట్లో కొత్త సైకిలంటే విడి సామాన్లు వచ్చేవి, షాపులో బిగించాలి. ఆ బిగింపు పని మేస్త్రి నాకే ఇచ్చాడు. నా అలక నేనే బిగించుకున్నాను, కూలీ లేకుండా.

మరుసటి ఏడు నవంబరు 19న ఉప్పెన. దివిసీమ సంగతి మీరు విని ఉంటారు. రేపల్లె వైపు కూడా సముద్రం ఊళ్ళ మీదికొచ్చింది. తర్వాత కొన్ని వారాలకి అటునుంచి సైకిళ్ళు రావడం మొదలైనాయి. ఉప్పునీళ్ళు తాగిన సైకిలు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. హబ్బు విప్పితే బురద, ఆ బురదలో గవ్వపెంకు ముక్కలు. గోళీలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయి రాలేదు. ఒక్కటే సైకిలు తెచ్చి, ఇది మా అన్నదండీ, అన్నాడొక కుర్రాడు. ఆ నెల్లో మేస్త్రి ఓవరాయిలింగుకి డబ్బులడగలేదు, గోళీలు లెక్కపెట్టమని నన్నూ అడగలేదు.

1980లో టీవీఎస్ 50 వచ్చింది. క్యారియరు మీద పోవలసిన గడ్డిమోపు దాని మీద పోవడం మొదలైంది. ఆ బండిని నేను తిట్టినంతగా ఎవరూ తిట్టి ఉండరు. 1983 ఎన్నికల్లో సైకిలు గుర్తొచ్చి ఊళ్ళో ప్రతి గోడ మీదా సైకిలే కనపడేసరికి మళ్ళీ మా రోజులొచ్చినాయని మేస్త్రి ఎంత సంబరపడ్డాడో. గోడ మీద సైకిలుకి గాలి కొట్టక్కర్లేదని తర్వాత తెలిసింది. 1986లో నేనూ ఒక మోపెడ్ కొన్నాను. విజయవాడ నుంచి సామాన్లు తెచ్చుకోవడానికని చెప్పి, షాపుకి రెండు వీధుల అవతల బడ్డీకొట్టు పక్కన పెట్టి నడిచొచ్చేవాణ్ణి. వారం తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది. దాని చప్పుడలాంటిది.

మా షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లకి అద్దాలు మార్చే కొట్టుంది. పదహారేళ్ళ కుర్రాడొకడు భూతద్దం కంటికి తగిలించుకుని, ఆవగింజంత మరలు విప్పి, ఒక సీసా మూతలో వేసుకుంటూ పెదాలు కదుపుతుంటాడు. లెక్కపెడుతున్నాడు. నేను వాడి గురించి మంచిమాట చెప్పను, ఫోనులంటే నాకు పడదు.

మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. అసలు ప్యారిస్ దేశంలో (దేశం కాదు ఊరంటాడు మనవడు) 1903 నుంచి సైకిలు పందెం ఉందంట, ఊళ్ళమీద, కొండలమీద మూడు వారాలు. పంచరైతే వెనక కారులోంచి దిగి చక్రం మొత్తం మార్చేస్తారు. చూపించాడు నాకు. ప్యాచీ వెయ్యడానికి వచ్చిన ఏడుపేంటని నేనడిగితే, వాడు ఇంకోటి చదివి వినిపించాడు. 1913లో క్రిస్తోఫ్ అనే ఆయనకి కొండ మీద సైకిలు ఫోర్కు విరిగితే, భుజానేసుకుని మైళ్ళు నడిచి, కింద ఊళ్ళో కొలిమిలో తనే కాల్చి అతుక్కున్నాడంట. ఎవరి సాయమూ తీసుకోకూడదని రూలు. పక్కన అధికారులు నిలబడి చూస్తున్నారు. ఆయన చేతులు ఖాళీ లేక ఒక చిన్నపిల్లాడు కొలిమి తిత్తి ఊదాడని శిక్షగా ఆయనకి నిమిషాలు కలిపారు. నేను చాలాసేపు మాటాడలేదు. "ఏంటి తాతయ్యా?" అన్నాడు. ఆ పిల్లాడు గంటంబావు ఊది ఉంటాడులే, అన్నాను. వాడికర్థం కాలేదు.

ఆ ఊపులోనే నిన్న సాయంత్రం వాడి సైకిలు తలకిందులు చేసి ట్యూబు లాగాను. నా పంపు పట్టదు గదా, ట్యూబు మెళ్ళో దండలా వేసుకుని పెట్రోలు బంకుకి నడిచాను. జనం చూస్తే చూశారు. ఇంటికొచ్చి బొచ్చెలో ముంచితే బుడగలు. పల్లేరు ముల్లు, ఇంకా ఉంది ఊళ్ళో, బతికించింది! అరగదీసి, సొల్యూషను రాసి, ఆరేలోగా మనవడికి ఈ కబుర్లన్నీ చెప్పి, ప్యాచీ వేసి బిగించి, మళ్ళీ బంకుదాకా పోయి గాలి కొట్టించుకొచ్చాను. "రేపొచ్చే ట్యూబు వెనక్కి పంపెయ్" అని కూడా అన్నాను, కాస్త గట్టిగానే.

ఇవాళ పొద్దున అయిదింటికి లేచి చూస్తే టైరు నేలకంటుకుని ఉంది. ఎక్కువసేపు మాటాడినట్టున్నాను.

పదిగంటలకి గుమ్మంలో బెల్లు మోగింది. అట్టపెట్టె నేనే అందుకున్నాను. మనవడు గదిలో తలుపేసుకుని ఏదో చదువుకుంటున్నాడు. సుత్తి అవసరం లేదు గనక చప్పుడేమీ కాలేదు. కొత్త ట్యూబు వేసి, చక్రం బిగించి, బంకుదాకా నెట్టుకుపోయి గాలి కొట్టించుకొచ్చి గోడకి జారేశాను. పాత ట్యూబు మంచం కింద పంపు పక్కన పెట్టాను.

సాయంత్రం వాడు సైకిలు తీస్తూ టైరు నొక్కి చూసి, "ప్యాచీ నిలబడిందే తాతయ్యా" అన్నాడు. నిలబడకేం, అన్నాను. వాడి ఫోనుకి పదింటికే కబురొచ్చి ఉంటుంది, పెట్టె ముట్టిందని. వాడు మాత్రం నా వంక చూడకుండా ఎక్కి పోయాడు.